నరం కాని నరం

మా వీధిలో ఒక రిటైర్డు లెక్కల మాస్టారు ఉన్నారు. డెబ్బై నాలుగు నిండాయి. పొద్దున ఆరింటికల్లా సైకిలెక్కి, హ్యాండిల్‌కి రెండు సంచులు తగిలించుకుని, మార్కెట్టుకి వెళ్ళి బీరకాయలూ దొండకాయలూ బేరమాడి తెచ్చుకుంటారు. రానూ పోనూ అయిదు కిలోమీటర్లకి తక్కువుండదు. ఆయాసం లేదు, నొప్పి లేదు. అదే మనిషి సాయంత్రం వీధి చివర రామాలయానికి నడిచి వెళ్ళాలంటే మాత్రం మూడు మజిలీలు. మొదటిది తూము గట్టు. రెండోది ఇస్త్రీ బండి పక్కన రాయి. మూడోది మా అరుగు. కూర్చుని, ముందుకి వంగి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, రెండు నిమిషాలు ఊరుకుంటారు. తర్వాత ఏమీ జరగనట్టు లేచి వెళ్ళిపోతారు.

వీధిలో వాళ్ళకి ఇదో వేడుక. "మార్కెట్టు దాకా తొక్కగలిగినాయనకి గుడి దాకా నడవడానికేం రోగం?" అని. ఆయన భార్య ఇంకా సూటిగా, "గుడి పేరెత్తితేనే వస్తుందమ్మా ఆ నొప్పి, కూరలకి రాదు" అంటుంది. విని విని మాస్టారికే తన మీద అనుమానం పట్టుకుంది. ఓ సాయంత్రం మా అరుగు మీద వంగి కూర్చుని, "డాక్టరమ్మా, నాకు నిజంగా నొప్పి వస్తోందంటారా, లేక నాకు తెలీకుండా నాస్తికుణ్ణయిపోయానా?" అని అడిగారు.

నవ్వొచ్చింది గానీ, ఆ ప్రశ్నలోనే జవాబుంది. సైకిలు మీద మనిషి ముందుకి వంగి ఉంటాడు. నడిచేటప్పుడు నిటారుగా ఉంటాడు. తేడా కాళ్ళలో లేదు, భక్తిలో అసలే లేదు, నడుములో ఉంది. అందులోనూ ఊరంతా తిట్టిపోసే డిస్కు ఒక్కదానిలోనే కాదు. దానికి వెనకవైపున, పూసకీ పూసకీ మధ్య అతికి ఉండే ఓ పసుపుపచ్చ పట్టీలో ఉంది. దాని కబుర్లే ఈ పూట. చలి ముదురుతోంది, శాలువా సర్దుకుని కూర్చోండి.

నేనెవరో చెప్పలేదు కదూ. 31 ఏళ్ళు ఒంగోలు చుట్టుపక్కల ఆసుపత్రుల్లో మత్తు డాక్టరుగా చేశాను. కాన్పు చేసిన డాక్టరమ్మ పేరు పిల్లకి పెట్టుకుంటారు. మమ్మల్ని మాత్రం "ఆ సూది గుచ్చినావిడ" అంటారు. తప్పేం లేదు, గుచ్చాం కాబట్టే అంటారు. ఆ సూది వల్లే ఈ పట్టీతో నాకు పరిచయం. ముప్ఫై ఏళ్ళపాటు వేళ్ళతో ఎరిగిన దాన్ని కళ్ళతో చూసింది చాలా తక్కువ.

ముందు ఒక తగాదా తీర్చుకోవాలి. తెలుగులో 'నరం' అన్న మాటంత లోకువైంది ఇంకోటి లేదు. మెదడు నుంచి కబురు మోసుకెళ్ళేదీ నరమే. ముంజేతి మీద నీలంగా ఉబ్బే రక్తనాళమూ నరమే: "నరం దొరకట్లేదు సిస్టర్, ఇంకో చెయ్యి చూడండి." మడమ వెనక తాడులా తగిలేదీ నరమే. కాలు బెణికితే నరం జరిగింది, మెడ పట్టేస్తే నరం పట్టింది, మటన్‌లో పంటికి లొంగని ముక్క తగిలితే అదీ నరమే. బళ్ళో కండని ఎముకకి కట్టేది స్నాయుబంధనం, ఎముకని ఎముకకి కట్టేది సంధిబంధనం అని నేర్పారు. పరీక్షలో రాసి అక్కడే వదిలేసి వచ్చాం అందరం. ఆసుపత్రిలో లిగమెంటు అంటాం కాబట్టి నేనూ అదే అంటాను. మన కథానాయిక పేరు లాటిన్‌లో లిగమెంటమ్ ఫ్లేవమ్. పసుపుపచ్చ లిగమెంటు అని అర్థం. పేరు పెట్టినవాడెవరో కవిత్వం జోలికి పోకుండా చూసింది చూసినట్టు పెట్టాడు.

అదెక్కడుంటుందంటే, మీ వేలితో నడుం మధ్య పైనుంచి కిందికి రాసుకోండి. గుబ్బల్లా తగిలేవి పూసల వెనక ముళ్ళు. ఒక్కో పూసకి ముందువైపు గుండ్రటి దిమ్మ, వెనకవైపు ఎముక కమాను, రెంటికీ మధ్య రంధ్రం. పూసల్ని ఒకదాని మీద ఒకటి పేరిస్తే రంధ్రాలన్నీ కలిసి ఓ కాలువ అవుతుంది. వెన్నుపామూ, దాన్నుంచి దిగే నరాలూ (ఇవి నిఖార్సయిన నరాలు) అందులోనే. అయితే కమానుకీ కమానుకీ మధ్య సందు ఉంటుంది కదా, పెంకుటింట్లో పెంకు జరిగితే వాన పడే సందులాంటిది. ఆ సందుని మూసేదే పసుపు పట్టీ. పై కమాను లోపలి ముఖం నుంచి బయల్దేరి కింది కమాను పైఅంచుకి దిగుతుంది. మెడలో రెండో పూస దగ్గర మొదలై నడుం అడుగున త్రికాస్థి దాకా 23 సందుల్లో, ప్రతి సందులోనూ కుడికొకటి, ఎడమకొకటి. రెండూ నడిమధ్య కోణంగా కలుస్తాయి, సగం తెరిచి బోర్లించిన పుస్తకంలా. మెడలో పల్చన, నడుములో మందం. ఎంత మందమంటే 3 నుంచి 5 మిల్లీమీటర్లు.

మరి పసుపు రంగెందుకు? ఒంట్లో మిగతా లిగమెంట్లు తెల్లగా మెరుస్తాయి, ఎందుకంటే అవి కొల్లాజెన్ తాళ్ళు. ఇది మాత్రం నూటికి 80 పాళ్ళు ఎలాస్టిన్. పేరులోనే ఎలాస్టిక్ ఉంది. రబ్బరులా సాగి మళ్ళీ వెనక్కొచ్చే ఆ పదార్థానిదే ఆ పసుపు.

నా మాట నమ్మక్కర్లేదు. ఆదివారం మటన్ కొట్టుకి వెళ్ళి మెడ ముక్క అడగండి. కొట్టేవాడు మెడ వెంట పొడుగ్గా పాకిన ఓ పసుప్పచ్చ పట్టీని కత్తి మొనతో లాగి పక్కన పారేస్తాడు. మన పట్టీకి అది చిన్నాన్న కూతురు. నేనోసారి దాన్ని అడిగి కాగితంలో చుట్టించుకుని తెచ్చాను. మా కోడలు నన్నెలా చూసిందో చెప్పను. దాన్నీ, మేక కాలు ముక్కనీ కలిపి కుక్కర్లో పడేసి, పన్నెండు కూతలు రానిచ్చాను. మూత తీస్తే కాలు ముక్క మీదున్న తెల్లటి జిగురంతా కరిగిపోయి, పెదాలు అంటుకునే పాయా అయి కూర్చుంది. కొల్లాజెన్ గుణమే అది, వేడికి జెలటిన్‌గా మారిపోతుంది. పట్టీ మాత్రం వేసింది వేసినట్టే ఉంది. రెండు వేళ్ళతో పట్టి లాగితే సాగింది, వదిలితే టక్కున ముడుచుకుంది. పన్నెండు కూతలకీ ఎలాస్టిన్‌కి చీమ కుట్టినట్టైనా లేదు. మీ పంటికి తగిలే ఆ 'నరం' ఎన్ని కూతలకి ఉడుకుతుందని ఇంక ఎవరినీ అడక్కండి. ఉడకదు.

మేకకైనా గిత్తకైనా అది మెడలో ఎందుకంటే, తల బరువు మొయ్యడానికి. ఒంగోలు గిత్త తల దించి గంటలకొద్దీ మేస్తుంది. అంత తలని కండబలంతోనే మాటిమాటికీ ఎత్తాలంటే తిన్న గడ్డి అంతా దానికే చాలదు. అందుకని దించేటప్పుడు ఆ పట్టీ సాగుతుంది, ఎత్తేటప్పుడు తనే సాయంగా లాగుతుంది. మూపురం చూసి మురిసిపోతాం గానీ, అక్కడ నిజమైన పనిమనిషి చర్మం కింద కనబడకుండా ఉంది. రెండు కాళ్ళ మీద నిలబడ్డ మనిషికి మెడ వెనక ఆ రబ్బరు పట్టీతో అంత పనిలేదు. మనకక్కడ మిగిలింది చాలావరకు నారపొర. మన రబ్బరంతా పూసల మధ్యకి చేరింది.

అక్కడ రబ్బరే ఎందుకు, తాడు పనికిరాదా? ఇది వైద్య విద్యార్థులు కూడా ఆలోచించని సంగతి, లంగాలు కుట్టే దర్జీకి మాత్రం ఇట్టే తెలుస్తుంది. బొందు వేరు, ఎలాస్టిక్ వేరు. మీరు ముందుకి వంగితే కమానులు ఒకదానికొకటి దూరమవుతాయి. ఆ దూరానికి సరిపడే తాడు కట్టామనుకోండి, మీరు నిటారుగా లేవగానే తాడు వదులై మడతపడుతుంది. ఆ మడత పడేదెక్కడ? కాలువలోకి, వెన్నుపాము మీదికి. అదే ఎలాస్టిక్ అయితే వంగినప్పుడు సాగుతుంది, లేచినప్పుడు ముడుచుకుంటుంది, మడతన్నది లేదు. అంతేకాదు, మీరు ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా అది కొంచెం సాగదీసే ఉంటుంది. కోసి బయటికి తీస్తే పొట్టిదైపోతుంది. నాకెమ్‌సన్, ఎవాన్స్ అనే ఇద్దరు 1968లో ఈ పట్టీ లాగుడుని కొలిచారు. పడుచువాళ్ళలో బిగువెక్కువ, వయసు మీరినవాళ్ళలో తక్కువ అని తేల్చారు. ఆ 'తక్కువ' దగ్గరే మన మాస్టారున్నారు. ఆయన్ని కాసేపు అరుగు మీదే కూర్చోనిద్దాం, ముందు నా సూది సంగతి చెప్పాలి.

1891లో జర్మనీలోని కీల్ పట్నంలో క్వింకె అనే వైద్యుడు నడుము దగ్గర సూది గుచ్చి వెన్నునీరు తీశాడు. తల ఉబ్బిపోతున్న పసిపిల్లలకి ఒత్తిడి తగ్గించాలని. ఏడేళ్ళకి, 1898లో, అదే కీల్‌లో ఆగస్ట్ బీర్ అనే సర్జను ఆ దారినే కొకైన్ ఎక్కిస్తే కింది సగం తిమ్మిరెక్కుతుందని కనిపెట్టాడు. పేషెంట్లకి చేశాక తనమీద తనే చేయించుకోబోయాడు. సూది పట్టుకున్న అసిస్టెంటు హిల్డెబ్రాంట్ దగ్గర సిరంజి సూదికి సరిగ్గా అతకలేదు, బోలెడంత వెన్నునీరు కారిపోయింది. దాంతో పాత్రలు మారాయి. ఈసారి బీర్ గుచ్చాడు, హిల్డెబ్రాంట్ కాలు మొద్దుబారింది. ఆ ముంగాలు మీద ఇనప సుత్తితో కొట్టి చూశాడు, చుట్టతో కాల్చి చూశాడు, ఆయనకి తెలియలేదు. ఇద్దరూ సంబరంగా భోంచేసి, వైన్ తాగి, చుట్టలు కాల్చారు. మర్నాటి నుంచి బీర్‌కి లేస్తే తలనొప్పి, పడుకుంటే మాయం. తొమ్మిది రోజులు. హిల్డెబ్రాంట్‌కి తలనొప్పితో పాటు ముంగాలి దెబ్బలు కూడా. మా వృత్తి అలా మొదలైంది.

ఇప్పుడు థియేటర్లోకి రండి. సిజేరియన్‌కి వచ్చిన పిల్ల బల్ల అంచున కూర్చుంది, నిండు కడుపు, వణుకుతోంది. "రొయ్యలా ముడుచుకో తల్లీ, గడ్డం గుండెలకి ఆనించు, నడుం నా వైపుకి తొయ్యి" అంటాను. మా సముద్రపొడ్డు వాళ్ళకి రొయ్య అంటే చాలు, మరో మాట అక్కర్లేదు. ఎందుకు ముడుచుకోమంటాం? వంగితే కమానులు విచ్చుకుని సందు తెరుచుకుంటుంది కాబట్టి. తుంటి ఎముకల పైఅంచులు రెంటినీ కలుపుతూ గీత ఊహించుకుంటే అది దాదాపు నాలుగో నడుం పూస మీదుగా పోతుంది. వెన్నుపాము పెద్దవాళ్ళలో మొదటి, రెండో నడుం పూసల దగ్గరే ఆగిపోతుంది. అందుకే మేం దానికి కిందే గుచ్చుతాం.

సూది దిగుతున్నప్పుడు వేళ్ళకి తెలిసేది మాటల్లో చెప్పడం కష్టం, అయినా చూస్తాను. చర్మం దాటాక కొవ్వు, వెన్నలో దిగినట్టుంటుంది. తర్వాత ముళ్ళ కొసల్ని కలిపే లిగమెంటు, ముళ్ళ మధ్య ఇంకో లిగమెంటు, పీచు పీచుగా కరకరలాడుతుంది. ఉన్నట్టుండి సూది బిగుస్తుంది, పచ్చి జామకాయలో గుచ్చినట్టు. అదే పసుపు పట్టీ. అక్కడ నేనొక క్షణం ఆగుతాను. ఎన్ని వేలు చేసినా ఆగాను. ఎపిడ్యూరల్, అంటే వెన్నునీటి సంచికి బయటే మత్తు, ఇవ్వాలంటే ఇక్కడ సూదికి సెలైన్ నింపిన సిరంజి తగిలించి బొటనవేలితో నొక్కుతాం. పట్టీలో ఉన్నంతసేపూ సిరంజి కదలదు, తిరిగి వేలినే తోస్తుంది. ఒక్కో మిల్లీమీటరే ముందుకి జరుపుతాం. తలుపుకి వీపు ఆన్చి నిలబడ్డప్పుడు లోపలివాళ్ళు చప్పుడు లేకుండా గడియ తీస్తే ఎలా ఉంటుంది? అలా హఠాత్తుగా సిరంజి లోపలికి జారిపోతుంది. పట్టీ దాటామన్నమాట. దాని అవతల అర సెంటీమీటరు అటూ ఇటూ ఖాళీ, ఆ ఖాళీలోనే మందు పెట్టాలి. ఇంకాస్త దూకుడు చూపిస్తే వెన్నునీటి సంచి చిల్లు పడుతుంది. ఈ నొక్కుడు పద్ధతిని ఇటలీ సర్జను డోల్యోట్టి 1930ల్లో ప్రచారంలోకి తెచ్చాడు. ఇన్ని స్కానింగులు వచ్చినా ఇవాళ్టికీ ఎక్కువమంది నమ్ముకునేది బొటనవేలినే.

నేనూ చిల్లు పెట్టాను, దాచుకోవడమెందుకు. కొత్తల్లో ఓ బాలింతకి. మూడు రోజులు లేవగానే తలనొప్పి, పడుకుంటే తగ్గడం, బిడ్డకి పాలివ్వడానికి కూర్చోలేకపోవడం. చివరికి ఆ అమ్మాయి చేతి రక్తమే కొంచెం తీసి, అదే ఖాళీలో ఎక్కించి చిల్లుకి అతుకు వేశాం. గంటలో లేచి కూర్చుంది. వాళ్ళమ్మ మాత్రం నా వైపు ఆ రోజు చూసిన చూపు ఇంకా గుర్తే. తర్వాత తెలిసిందేమంటే, కొందరిలో ఈ పట్టీ రెండు సగాలూ నడిమధ్యలో పూర్తిగా కలవవు. మెడలో, వీపు పైభాగంలో ఎక్కువ, నడుములోనూ ఉండొచ్చు. అలాంటి చోట జామకాయా లేదు, గడియా లేదు, సూది నేరుగా లోపలికి వెళ్ళిపోతుంది. ఆ పిల్లకి అదే జరిగిందో, నా చెయ్యే తొందరపడిందో, నేను మాత్రం సగం సగం పంచుకుంటాను.

ఆ సందర్భంలోనే నా పాత ఫిర్యాదొకటి. "పెద్దాపరేషన్ అయినప్పుడు నడుముకి మత్తు సూది ఇచ్చారు, అప్పట్నుంచీ నడుం నొప్పి" అని ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా చెబుతారు. సిజేరియన్‌కి వాడే ఆ సూది అర మిల్లీమీటరు లావుంటుంది. గుచ్చిన చోట నాలుగు రోజులు నొప్పి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. ఏళ్ళ తరబడి నడుం నొప్పికి అది కారణమా అని పరీక్షించి చూసినవాళ్ళకి, సూది వేయించుకున్న తల్లులకీ వేయించుకోని తల్లులకీ తేడా కనబడలేదు. బిడ్డని ఎత్తుకుని వంగి వంగి చేసిన చాకిరీ మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఒక్కోసారి సూది అసలు దిగదు. కనిగిరి, దర్శి, పొదిలి వైపు నుంచి వచ్చే ముసలివాళ్ళని చూడగానే నాకు చేతులు చల్లబడేవి. రొయ్యలా ముడుచుకోమంటే ముడుచుకోలేరు. గడ్డం గుండెకి ఆనదు, గొంతుక్కూర్చోవడం మానేసి ఏళ్ళయి ఉంటుంది. నడుం ఒకే దూలంలా ఉంటుంది. సూది పెడితే టక్‌మని ఆగిపోతుంది. పక్కకి పెట్టు, టక్. పై సందులో పెట్టు, టక్. జామకాయ ఉండాల్సిన చోట గోడ ఉంది.

ఆ గోడ కట్టింది నీళ్ళు. బోరునీళ్ళలోని ఫ్లోరైడు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటారు. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడు ఎముకలో చేరి, ఎముక కట్టే కణాల్ని ఎగదోస్తుంది. ఎముక చిక్కబడటమే కాదు, లిగమెంట్లు అతుక్కునే చోటల్లా ఎముక పాకుతుంది. పసుపు పట్టీ గట్టిపడి సున్నపురాయవుతుంది, తర్వాత ఎముకే అవుతుంది. కాలువ లోపల్నుంచి ఇరుకై వెన్నుపాము నలిగితే కాళ్ళు బిగుసుకుని చచ్చుబడతాయి. ఈ దేశంలో ఈ జబ్బుని వైద్యులు మొట్టమొదట రాసిపెట్టింది మన నేల మీదే. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. అంతకుముందే రైతులు ఎద్దుల్లో గమనించారని చెబుతారు. కాళ్ళు బిగిసి కాడి మొయ్యలేకపోయాయట. 1955లో నల్లగొండ గురించి సిద్దిఖీ రాశాడు. నాగపూరు సంస్థ నీరీ వాళ్ళు పటికా సున్నమూ వేసి ఫ్లోరైడు తేర్చే పద్ధతి కనిపెడితే, దానికి నల్లగొండ టెక్నిక్ అని ప్రపంచమంతా పేరు పడింది. ఊరి పేరు పుస్తకాలకెక్కడం గొప్పే గానీ, ఆ జిల్లాలోని మర్రిగూడ వైపు మనుషులు ఆ పేరుకి చెల్లించిన ధర నడుములు. నదీజలాలు గడపలోకి వచ్చిన ఊళ్ళలో పిల్లలు తప్పించుకున్నారు. పెద్దవాళ్ళ పట్టీ ఒకసారి ఎముకైందంటే మళ్ళీ రబ్బరు కాదు.

సరే, మాస్టారు ఎదురుచూస్తున్నారు.

ఆయనది ఫ్లోరైడు కథ కాదు, వయసు కథ. ఒంట్లో ఎలాస్టిన్ దాదాపు అంతా చిన్నప్పుడే తయారైపోతుంది. తర్వాత శరీరం కొత్తగా చేసుకునేది నామమాత్రం. అంటే మాస్టారు తొక్కుడుబిళ్ళలాడే రోజుల్లో నేసిన ఎలాస్టిక్కే డెబ్బై నాలుగో ఏట కూడా నడుము మోస్తోంది. అరిగిన చోటల్లా శరీరం కొల్లాజెన్‌తో మాట్లు వేస్తుంది. రబ్బరు తగ్గి తాడు పెరుగుతుంది, పట్టీ లావెక్కుతుంది. ఈలోగా ముందువైపు డిస్కు ఎండి ఎత్తు తగ్గుతుంది. పూసలు దగ్గరైతే పట్టీ వదులవుతుంది. వదులైన పాత ఎలాస్టిక్ ఏం చేస్తుందో మీకు తెలుసు. మడతపడి కాలువలోకి పొడుచుకొస్తుంది. ముందు నుంచి డిస్కు ఉబ్బు, పక్కల నుంచి కీళ్ళ వాపు, వెనక నుంచి ఈ పట్టీ. నిటారుగా నిలబడితే ఇరుకు ఎక్కువ, ముందుకి వంగితే పట్టీ సాగి కాలువ కాస్త తెరుచుకుంటుంది. మాస్టారికి సైకిలు హాయిగా ఉండటం, తూము గట్టు మీద వంగి కూర్చుంటే రెండు నిమిషాల్లో కాళ్ళు తేలికపడటం, అన్నీ ఇక్కడే తేలతాయి. విదేశాల్లో వాళ్ళకి సూపర్‌మార్కెట్టు తోపుడుబండి మీద వంగి తిరిగితే హాయి. మన దగ్గర సైకిలు ఎక్కకుండా పక్కన నడిపించుకుంటూ పోయే పెద్దాయన్ని చూసినప్పుడల్లా నాకు ఇదే అనుమానం.

న్యూయార్కులో ఎల్స్‌బర్గ్ అనే సర్జను 1913లోనే ఈ పట్టీ లావెక్కి నరాలు నొక్కుతుందని రాశాడు. పట్టించుకునేలోపే 1934లో మిక్స్‌టర్, బార్ ఇద్దరూ డిస్కు జారడం గురించి రాశారు. అంతే, డిస్కు సినిమా హీరో అయిపోయింది. ఇప్పటికీ నడుం నొప్పన్న ప్రతివాడూ "డిస్కు ప్రాబ్లం" అంటాడు, "నాకు పసుపు పట్టీ లావైందండీ" అన్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. 1954లో డచ్చి సర్జను వెర్బీస్ట్, కాలువే ఇరుకైతే నడకలో కాళ్ళు పట్టేస్తాయని వివరంగా రాశాక గానీ మాస్టారి లాంటివాళ్ళ మాట వైద్యులకి పూర్తిగా ఎక్కలేదు.

కాళ్ళకి రక్తం చాలకపోయినా నడిస్తే పిక్కలు పట్టేస్తాయి, ముఖ్యంగా చుట్టా బీడీ తాగినవాళ్ళకి. కాకపోతే ఆ నొప్పికి నిలబడితే చాలు, వంగక్కర్లేదు. సైకిలు తొక్కినా వస్తుంది. తేల్చుకోవాలంటే పాదం మీద నాడి పట్టి చూడాలి. ఆ సాయంత్రం నేను అరుగు దిగి మాస్టారి రెండు పాదాలూ పట్టుకున్నాను. ఆయన కంగారుపడి నా తల మీద చెయ్యి పెట్టి "దీర్ఘసుమంగళీభవ" అన్నారు. ఎదురింటావిడ చూసి మా అబ్బాయికి ఫారిన్ ఉద్యోగం వచ్చిందనుకుంది. నాడి రెండు పాదాల్లోనూ బ్రహ్మాండంగా ఉంది.

ఎం.ఆర్.ఐ. తీయిస్తే నాలుగు, అయిదు నడుం పూసల మధ్య కాలువ నొక్కేసిన సీసా మూతిలా ఉంది. పట్టీ 6 మిల్లీమీటర్లు. అయినా నేను ఫోటో చూసి భయపడొద్దన్నాను. 1990లో బోడెన్ అనే ఆయన ఎప్పుడూ నడుం నొప్పెరగని 67 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే, అరవై దాటినవాళ్ళలో నూటికి 21 మందికి కాలువ ఇరుకే ఉంది. వాళ్ళు శుభ్రంగా తిరుగుతున్నారు. ఫోటోకీ బాధకీ పొంతన కుదిరితేనే లెక్క. ఏడాదిపాటు వ్యాయామం, మందులు, సైకిలుతో నెట్టుకొచ్చారు మాస్టారు. మజిలీలు మూడు నుంచి అయిదయ్యాక, మడమల మీద నడవమంటే ఎడమ పాదం ఎత్తలేకపోయాక, ఆపరేషన్‌కి సరేనన్నారు. మూత్రం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా ఆ ఏడాదీ ఆగేవాళ్ళం కాదు, ఆ రాత్రికే బల్ల ఎక్కించేవాళ్ళం.

నేను రిటైరయ్యాను కదా, మత్తు ఇంకొకరు ఇచ్చారు. నన్ను మూల నిలబడనిచ్చారు. సర్జను ముందు కమాను ఎముకని అరగదీశాడు. ఆ పని జరుగుతున్నంతసేపూ పసుపు పట్టీని కదల్చలేదు, కింద నరాలకి అదే డాలు. ఎముక పని అయ్యాక సన్నటి ముక్కులాంటి పనిముట్టుతో దాన్ని కొంచెం కొంచెంగా కొరుకుతూ తీశాడు. ఒక్కో ముక్కా ట్రేలో పడుతుంటే మెడ చాచి చూశాను. కుక్కర్లో నేను చూసిన బంగారు పసుపు కాదది. వెలిసిపోయి, తెల్ల చారలతో, అక్కడక్కడా గరుకుగా. వేళ్ళతో ఇన్నివేల సార్లు పలకరించిన దాని ముఖం అంత దగ్గరగా చూడటం అదే. ఆఖరి ముక్క లేచాక నరాల సంచి మెల్లగా ఉబ్బి, గుండెతోపాటు కొట్టుకోవడం మొదలెట్టింది.

రెండోరోజు మాస్టారు మంచం మీదనుంచే అడిగారు, "డాక్టరమ్మా, తీసేసిన నరం చూపించరా?"

"నరం కాదండీ మాస్టారూ, లిగమెంటు."

"అదే, ఆ నరమే."

చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "ఇంతేనా?" అన్నారు. తూకం ఎంతుంటుందని అడిగారు, లెక్కల మాస్టారు కదా.

ఇప్పుడు గుడికి ఆగకుండానే వెళ్తున్నారు. మా అరుగు దగ్గర మాత్రం అలవాటు కొద్దీ ఆగుతారు, కూర్చోరు. ఆయన భార్య మొన్న వచ్చి, "నడుం బాగైందని ఆయన్ని రోజూ గుడికి తీసుకెళ్ళమంటున్నానమ్మా, ఇప్పుడేమో మోకాళ్ళంటున్నాడు" అంది. మోకాళ్ళు నా సబ్జెక్టు కాదని చెప్పి టీ ఇచ్చి పంపాను.